ఎనుగు – నైజీరియాలో మనవంటి ఒక బొగ్గు పట్టణము



గత మార్చి నెలలో ఒక సాయంకాలము మేము గోదావరిఖనిలో ఒక విశ్వాసి ఇంట కుటుంబ ప్రార్థనకు వెళ్ళాము. ఆ ఇంటి పెద్ద ముప్పది సంవత్సరములకు పైగా బాయిలో పని చేసి దిగిపోయినవారు. తట్ట, చెమ్మస్ పట్టుకొని టబ్బులు నింపిన కాలపు మనిషి. కొడుకు ఇప్పుడు బాయిలోనే ఉన్నాడు. మనవడు పదవ తరగతి పరీక్షలు వ్రాయుచున్నాడు. ప్రార్థన ముగిసి టీ తాగుచుండగా ఆ పెద్దాయన మా వైపు తిరిగి, "అయ్యగారూ, ఒక మాట అడుగుత. బొగ్గు ఒడిసినంక బతికిన ఊరు యాడనన్న ఉన్నదా?" అన్నారు.

మాకు వెంటనే జవాబు తోచలేదు. యోబు గ్రంథము 28వ అధ్యాయములో గని త్రవ్వు మనుష్యుల గూర్చి ఎంత చక్కగా వ్రాయబడియున్నదో ఆ రోజు వాక్యములో చెప్పియున్నాము. కాని గని మూతబడిన తరువాత ఆ మనుష్యులు ఏమైనారో అక్కడ లేదు. ఇంటికి వచ్చి పుస్తకములు తిరగవేయగా ఒక ఊరి పేరు కనబడినది. పశ్చిమ ఆఫ్రికాలో, నైజీరియా దేశములో, ఎనుగు. చదువరులు ఏనుగు అనుకొనవద్దు! మా ఇంటిలో పిల్లలు కూడ అట్లే నవ్వినారు. ఇగ్బో భాషలో 'ఎను ఉగ్వు' అనగా కొండ పైభాగము. ఆ రెండు మాటలు కలిసి ఎనుగు అయినది. తమాషా ఏమనగా ఊరు మాత్రము కొండ మీద లేదు, కొండ క్రింద ఉన్నది.

ఆ ఊరి కథ చెప్పవలెనంటే ముందు ఆ దేశము గూర్చి నాలుగు మాటలు చెప్పక తప్పదు.

నది పేరు పెట్టుకొన్న దేశము

మన తెలంగాణ వంటి రాష్ట్రములు ఎనిమిది పట్టునంత దేశము నైజీరియా. వైశాల్యము 9 లక్షల 23 వేల చదరపు కిలోమీటర్లు. జనాభా 20 కోట్లు దాటినది. ఆఫ్రికా ఖండములో ఇంత జనము గల దేశము మరియొకటి లేదు. పడమట బెనిన్, ఉత్తరమున నైజర్, ఈశాన్యమున చాద్, తూర్పున కామెరూన్ దేశములు. దక్షిణమున గినీ సింధుశాఖ, అనగా అట్లాంటిక్ సముద్రము.

దేశమునకు పేరు ఇచ్చినది నైజర్ నది. మన గోదావరి త్ర్యంబకేశ్వరము వద్ద పుట్టినప్పుడు అరేబియా సముద్రము దానికి ఎంతో దూరము లేదు. అయినను దగ్గరి సముద్రమును విడిచి, దేశమంతా దాటి, తూర్పు సముద్రములో కలియుచున్నది. నైజర్ నది కూడ అటువంటిదే. గినీ దేశపు కొండలలో, సముద్రమునకు 240 కిలోమీటర్ల దూరములోనే పుట్టి, సముద్రమునకు వీపు త్రిప్పి ఎడారి అంచు వరకు పోయి, అక్కడ నుండి దక్షిణమునకు మళ్ళి, 4,180 కిలోమీటర్లు ప్రయాణము చేసి చివరికి అదే అట్లాంటిక్‌లో కలియుచున్నది. నడుమ లొకోజా అను ఊరి వద్ద బెనూవే నది వచ్చి చేరుచున్నది, కాళేశ్వరము వద్ద మన గోదావరిలో ప్రాణహిత చేరినట్లు.

ఈ రెండు నదులు దేశమును మూడు భాగములు చేసినవి. ఉత్తరమున హౌసా, ఫులానీ ప్రజలు; వారు ఎక్కువగా ముస్లిములు. నైరుతి భాగములో యొరూబాలు. ఆగ్నేయములో ఇగ్బోలు, వీరు అత్యధికులు క్రైస్తవులు. ఇవి గాక 500కు పైగా భాషలున్నవి. వీరందరిని 1914లో బ్రిటిషువారు ఒక పాలన క్రింద కట్టినారు. కట్టినవాడు లుగార్డ్ దొర. 'నైజీరియా' అను పేరును 1897లో లండను పత్రికలో మొదట వ్రాసినది ఫ్లోరా షా అను పత్రికా రచయిత్రి. తరువాత ఆమె లుగార్డ్‌నే వివాహమాడినది. భర్త దేశమును కలిపినాడు, భార్య పేరు పెట్టినది! ఆ దేశపు ప్రజలను మాత్రము ఇద్దరూ అడుగలేదు. 1960 అక్టోబరు 1న స్వాతంత్ర్యము వచ్చినది. రాజధాని మొదట లాగోస్. 1991 డిసెంబరు నుండి దేశము నడుమ కట్టిన అబూజా. ఇప్పుడు 36 రాష్ట్రములు. నాణెము నైరా.

ఇగ్బోల జీవితములో మన పాఠకులకు ఇంపుగా నుండు సంగతులు కొన్ని చెప్పెదము. వారి పాత వారమునకు నాలుగే దినములు: ఎకె, ఓరియె, అఫో, న్క్వో. ఏ దినమున ఏ ఊరిలో సంత జరుగునో ఆ దినము పేరే ఆ సంతకు. ఇంటికి అతిథి వస్తే కోలా కాయ తెచ్చి పెట్టుదురు. ఇంటి పెద్ద చేతిలోనికి తీసుకొని ప్రార్థన చేసి, విరిచి, అందరికి పంచును. క్రైస్తవ గృహములలో ఆ ప్రార్థన ప్రభువు నామమున జరుగును. భోజనము పెండలము, కర్రపెండలము. వాటిని దంచి, వండి, మన సంకటి ముద్ద వలె చేసి, చేతితో తుంచి, పులుసులో ముంచి మ్రింగెదరు. నూనె ఎర్రటి తాటిజాతి నూనె, మనమిప్పుడు పామాయిల్ అనునది ఆ చెట్టుదే. ఎనుగు వాసులకు ప్రీతి అయినది 'ఒక్పా'. ఒక విధమైన వేరుశనగ వంటి పప్పు పిండిలో పామాయిల్ కలిపి అరటాకులో చుట్టి ఆవిరి మీద ఉడికించిన కుడుము. తెల్లవారకమునుపే వేడివేడిగా అమ్మకమునకు వచ్చును. మొదటి షిఫ్టుకు పోవు మన సోదరులు హోటలు ముందు ఇడ్లీ కొరకు నిలబడినట్లే.

పేర్లు చూడుడి. చుక్వు అనగా దేవుడు. చుక్వుఎమేకా అనగా దేవుడు గొప్ప కార్యము చేసెను. న్‌గోజి అనగా ఆశీర్వాదము. మన సంఘములలో కృపావరము, దైవసహాయము, ఆశీర్వాదము అను పేర్లున్నవారు ఆ దేశము పోతే పరాయివారిగా నుండరు.

కొండలోని బొగ్గు

మన సింగరేణి బొగ్గును 1871లో ఎల్లందు ప్రాంతములో డాక్టర్ కింగ్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు కనుగొనినట్లు మనకు తెలియును. ఎనుగు బొగ్గును 1909లో కిట్సన్ అను ఆంగ్లేయుని సర్వే బృందము ఉడి కొండలలో కనుగొన్నది. ఇక్కడ ఒక చిన్న వింత. మన బొగ్గు పొరలను శాస్త్రజ్ఞులు గోండ్వానా పొరలు అందురు. గోదావరి ఆవల మన ఆదిలాబాదు వైపు నివసించు గోండుల పేరే ఆ గోండ్వానా. ఒకప్పుడు ఇండియా, ఆఫ్రికా కలిసి ఒకే భూఖండముగా ఉండెనని చెప్పి, ఆ మహాఖండమునకు కూడ శాస్త్రజ్ఞులు ఈ పేరే పెట్టినారు. ఎనుగు బొగ్గు మాత్రము ఆ ఖండము విడిపోవుచున్న తరువాతి కాలమునకు చెందినదట. వారి లెక్కలు కోట్ల సంవత్సరములలో నుండును. ఆ చర్చ ఇక్కడ వద్దు.

1915లో గని తెరిచినారు. అది మొదటి ప్రపంచ యుద్ధ కాలము, ఓడలకు, రైళ్లకు బొగ్గు కావలెను. గనికి దక్షిణమున అడవి నడుమ ఒక కొత్త రేవు కట్టి, ఆనాటి బ్రిటిషు వలసల మంత్రి హార్కోర్ట్ పేరు మీద పోర్ట్ హార్కోర్ట్ అని పిలిచినారు. అక్కడికి సుమారు 240 కిలోమీటర్ల రైలు మార్గము 1916లో పూర్తి అయినది. గని, రైలు, రేవు, మూడును బొగ్గు కన్న బిడ్డలే. మన డోర్నకల్ జంక్షను నుండి ఎల్లందుకు చీలిన రైలు మార్గమును చూచినవారికి ఈ కథ క్రొత్త కాదు.

అక్కడి గనులు లోతుగా దింపిన షాఫ్టులు కావు. కొండ పక్కకు కన్నము వేసి లోపలికి నడిచిపోవునవి, మన ఇంక్లైన్లకు దగ్గర. బొగ్గు నరుకువారు ఒక జట్టు, టబ్బులు తోయు కుర్రవారు ఒక జట్టు.

పనివారు ఎట్లు వచ్చినారు? ఇది బాధాకరమైన భాగము. ఇగ్బోలలో ఎక్కువ చోట్ల రాజులు లేరు. ఊరి పెద్దలు కూడి నిర్ణయించుకొను ఆచారము. బ్రిటిషువారు తమకు అనుకూలుడైన ఒక్కొక్క మనిషికి అధికార పత్రమిచ్చి అతనిని దొరగా నిలబెట్టినారు. ఎకె గ్రామపు ఒన్యామా అటువంటి దొర. గనికి ఇంతమంది మనుష్యులు కావలెనని కబురు వస్తే ఆయన పట్టి పంపెడివాడు. జైలు ఖైదీలను కూడ గనిలో పెట్టినారు. తరువాతి కాలములో ఒక గనికి ఒన్యామా పేరే పెట్టినారు. మన తెలంగాణలో దొరల వెట్టి నుండి తప్పించుకొనుటకు ఊరు విడిచి బొగ్గు బాయిలకు వచ్చినవారి సంతానము ఈ సంచిక చదువువారిలో అనేకులు ఉన్నారు. ఇక్కడ వెట్టి నుండి పారిపోయి బాయికి వచ్చినారు. అక్కడ బాయిలోనికే వెట్టిగా తోలినారు. కొంతకాలమునకు కూలి డబ్బు రుచి తెలిసి, పన్ను కట్టుటకు, పిల్లలను బడికి పంపుటకు, ఊరిలో రేకుల ఇల్లు వేయుటకు వారే వచ్చుట మొదలుపెట్టినారు.

విడిపింపబడిన బానిస, మొదటి నల్ల బిషప్పు

ఆ బడులు ఎవరివి? సంఘములవే. గని రాకమునుపే సువార్త వచ్చినది, అదియు తెల్లవారి చేత కాదు.

యొరూబా దేశములో పుట్టిన అజాయి అను బాలుని 1821లో దోపిడీగాండ్రు పట్టి అమ్మివేసినారు. చేతులు మారి చివరికి పోర్చుగీసు బానిస ఓడ ఎక్కినాడు. 1822లో బ్రిటిషు నౌకాదళము ఆ ఓడను ఆపి బానిసలను సియెర్రా లియోన్‌లో దించినది. అక్కడ మిషను బడిలో చదివి, 1825లో బాప్తిస్మము పొంది శామ్యూల్ అజాయి క్రౌథర్ అయినాడు. 1857లో ఆయన నైజర్ నది మీద వచ్చి ఒనిచా పట్టణములో ఇగ్బోల మధ్య పరిచర్య ఆరంభించినాడు. ఆ పరిచర్యను నడుపుటకు అక్కడ నిలిచిన జాన్ క్రిస్టఫర్ టేలర్ విడిపింపబడిన ఇగ్బో బానిసల కుమారుడు. తల్లిదండ్రులను గొలుసులతో తీసికొనిపోయిన నేలకు కుమారుడు బైబిలు పట్టుకొని తిరిగి వచ్చినాడు. ఈ సంగతి చదివినప్పుడు మేము పుస్తకము మూసి కొంతసేపు ఊరకుంటిమి.

1864లో క్రౌథర్ ఆంగ్లికన్ సంఘములో మొదటి ఆఫ్రికా బిషప్పుగా అభిషేకింపబడినాడు. మన డోర్నకల్‌లో అజరయ్య గారు మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్పు అయినది 1912లో. అనగా మనకంటె 48 సంవత్సరములు ముందు! కాని క్రౌథర్ చివరి దినములు దుఃఖకరము. క్రొత్తగా వచ్చిన యౌవన తెల్ల మిషనరీలు ఆయన పనిలో తప్పులెన్ని, ఆయన నియమించిన నల్ల సేవకులను తొలగించి, వృద్ధుని అవమానపరచినారు. 1891 డిసెంబరు 31న ఆయన నిద్రించినాడు. ఆయన వెనుక ఆ పీఠములో తెల్లవానినే కూర్చుండబెట్టినారు. సంఘ చరిత్ర చెప్పునప్పుడు ఇటువంటివి దాచుట మాకు ఇష్టము లేదు.

మిషనరీలందరు అట్టివారని కాదు. ఆ ఆగ్నేయ ప్రాంతములోనే కలాబార్‌లో మేరీ స్లెసర్ అను స్కాట్లాండు స్త్రీ 1876 నుండి 1915లో మరణించువరకు పని చేసినది. ఆమె 11 ఏండ్లకే డండీ పట్టణపు మిల్లులో కూలికి పోయినది. ఆ పట్టణపు జనుపనార మిల్లులకు నార మన బెంగాలు నుండి పోయెడిది. కవల పిల్లలు పుడితే కీడని అడవిలో పారవేయు ఆచారము ఆ రోజులలో అక్కడ ఉండెను. ఆమె వారిని ఏరి తెచ్చి తన బిడ్డలుగా పెంచినది. మిల్లు కూలి పిల్ల గనుక పేదవారి ఇంటిలో కూర్చొనుట ఆమెకు ఎవరును నేర్పవలసిన పని లేకపోయినది.

1913లో ఇగ్బో భాషలో సంపూర్ణ బైబిలు వచ్చినది. రెండేండ్లకు గని. గని కార్మికుల కుటుంబములలో పిల్లలు చదివినది ఆ బైబిలు చేతపట్టిన ఉపదేశకుల బడులలోనే.

1949 నవంబరు 18

రెండవ ప్రపంచ యుద్ధము తరువాత ధరలు పెరిగినవి, కూలి పెరగలేదు. తమకు రావలసిన వెనుకటి బకాయి ఇవ్వలేదని ఎనుగు కార్మికులు 1949 నవంబరులో పని నెమ్మదించినారు. కొందరిని పనిలో నుండి తీసివేసినారు. మిగిలినవారు గని విడిచి బయటికి వస్తే తమను లోపలికి రానివ్వరని గని వద్దనే నిలిచినారు. ప్రభుత్వము భయము వేరు. గనిలోని పేలుడు మందు స్వాతంత్ర్యోద్యమము వారి చేతిలో పడునేమోనని దానిని తీసికొనిపోవుటకు పోలీసులను పంపినది.

నవంబరు 18న ఇవా లోయ గని వద్ద కార్మికులు గుమిగూడినారు. వారి చేత తుపాకులు లేవు. పోలీసు అధికారి కాల్చుమని ఆజ్ఞ ఇచ్చినాడు. 21 మంది చనిపోయినారు, 51 మంది గాయపడినారు. నాలుగు నిమిషములు పట్టినదో ఐదు పట్టినదో గాని, బ్రిటిషు పాలన అక్కడ ఆ రోజే సగము చచ్చినది. పోర్ట్ హార్కోర్ట్, ఆబా, ఒనిచా పట్టణములు మండినవి. ఒకరినొకరు నమ్మని రాజకీయ పక్షములు కొంతకాలమైనను ఒక్క చోట కూర్చున్నవి. విచారణకు వచ్చిన కమిషను ఆ అధికారి నిర్ణయము పొరపాటని తేల్చినది. పదునొకండేండ్లకు దేశము స్వతంత్రమైనది.

బాయికి పోయిన మనిషి తిరిగి రాకపోవుట మన బెల్టులో చెప్పి తెలుపవలసిన సంగతి కాదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలో నీరు ముంచెత్తి 17 మంది చనిపోయినప్పుడు మేమింకా వేదాంత విద్యకు వెళ్ళలేదు. పది మంది పోయిన చోట నిలబడి మాటలు దొరకని పెద్ద పాదిరులను ఆ రోజులలో చూచితిమి. ఇవా లోయలో భర్తను పోగొట్టుకొన్న స్త్రీ ఏమి ఏడ్చియుండునో ఊహించుటకు మన వీధి దాటి పోనక్కరలేదు.

యుద్ధము, ఆకలి

స్వాతంత్ర్యము వచ్చిన ఆరేండ్లకే సైనిక తిరుగుబాట్లు, ఉత్తరములో ఇగ్బోల ఊచకోత జరిగినవి. బ్రతికినవారు రైళ్లలో ఎనుగుకు వచ్చిపడినారు. 1967 మే 30న కల్నల్ ఒజుక్వు తూర్పు ప్రాంతమును బియాఫ్రా అను వేరు దేశముగా ప్రకటించినాడు. మన బొగ్గు పట్టణమే దానికి రాజధాని. నాలుగు నెలలు నిలిచినది. అక్టోబరులో కేంద్ర సైన్యము ఎనుగును పట్టుకొన్నది. గనులు పాడుపడినవి, నీళ్ళు నిండినవి. తరువాత రెండేండ్లకు పైగా దిగ్బంధములో పిల్లలు ఆకలికి చచ్చినారు. మృతులు పది లక్షలకు తక్కువ లేరని సాధారణముగా చెప్పుదురు.

ఇక్కడ సంఘము చేసిన పని వ్రాయకపోతే తప్పు. కతోలికులు, ప్రొటెస్టంటులు కలిసి ఆహారపు విమానములు నడిపినారు. ఊలి వద్ద ఒక రోడ్డునే వెడల్పు చేసి విమానాశ్రయముగా మార్చినారు. పగలు దిగితే బాంబులు పడును గనుక రాత్రివేళ దీపములు కొన్ని నిమిషములు వెలిగించి, విమానము దిగగానే ఆర్పివేసెడివారు. ఆ పనిలో ప్రాణములు పోగొట్టుకొన్న విమాన సిబ్బంది ఉన్నారు. 'జాయింట్ చర్చ్ ఎయిడ్' అను ఆ సంస్థ పేరులోని మొదటి అక్షరములను పట్టుకొని జనులు దానిని 'జీసస్ క్రైస్ట్ ఎయిర్‌లైన్స్' అని పిలిచినారట!

1970 జనవరి 15న యుద్ధము ముగిసినది. కేంద్ర సైన్యాధిపతి గోవన్ సువార్తికుని కుమారుడు. గెలిచినవాడు లేడు, ఓడినవాడు లేడు అను ధోరణిలో ప్రకటన చేసినాడు. మాట మంచిదే. కాని ఇగ్బోలు బ్యాంకులో ఎంత దాచుకొన్నను చేతికి 20 పౌండ్లే ఇచ్చినారు. ఆ 20 పౌండ్లతో సంతలో ఒక గుడ్డ పరచుకొని వ్యాపారము ఆరంభించినవారి కథలు ఇగ్బో కుటుంబములలో నేటికిని చెప్పుకొందురు.

నూనె వచ్చినది, బొగ్గు పోయినది

గనులకు యుద్ధము తగిలిన దెబ్బ నిజమే, కాని అంతకుముందే వేరొక దెబ్బ మొదలైనది. 1956లో నైజర్ డెల్టాలో ఒలోయిబిరి వద్ద పెట్రోలు పడినది. రైళ్లు డీజిలుకు మారినవి. కరెంటు నీటి నుండి, గ్యాసు నుండి రాసాగినది. 1968లో కైంజి ఆనకట్ట వచ్చినది. 1950ల చివరలో ఏడాదికి సుమారు 9 లక్షల టన్నులు తీసిన ఎనుగు గనులకు బొగ్గు కొనువాడు లేకపోయినాడు. గమనించుడి, అక్కడ బొగ్గు ఒడిసిపోలేదు. కొండ లోపల నేటికిని ఉన్నది. అవసరము ఒడిసినది. 2000ల ఆరంభమునకు పని పూర్తిగా ఆగినది.

దేశము మొత్తము నూనె మీద ఒరిగినది. ఉత్తరాన కానో పట్టణములో వేరుశనగ బస్తాలు పిరమిడ్ల వలె పేర్చిన కాలము పోయినది. మన దేశము నుండి, మన తెలుగు ప్రాంతముల నుండియు కొందరు, ఉపాధ్యాయులుగా నైజీరియాకు పోయినది ఆ నూనె డబ్బు కాలములోనే. డెల్టాలో నీళ్ళు, పొలములు నూనెతో పాడైనవి. ఆ అన్యాయమును ప్రశ్నించిన రచయిత కెన్ సారో-వివాను 1995లో ఉరి తీసినారు. ముడి చమురు అమ్ముకొని పెట్రోలు దిగుమతి చేసుకొన్న విచిత్రము ఏండ్ల తరబడి సాగి, 2023లో లాగోస్ వద్ద డాంగోటే రిఫైనరీ ప్రారంభమైన తరువాతనే మారసాగినది. ఉత్తరాన బోకో హరామ్ బాధ వేరు. 2014 ఏప్రిల్‌లో చిబోక్ బడి నుండి 276 మంది బాలికలను ఎత్తుకొనిపోయినారు. వారిలో ఎక్కువమంది క్రైస్తవ కుటుంబముల పిల్లలు.

మరి ఎనుగు? బ్రతికినది. ఎట్లు బ్రతికినదో మేము తరచి చూచితిమి. బొగ్గు ఉన్న రోజులలోనే అది తూర్పు ప్రాంతమునకు పాలనా కేంద్రము అయినది. కార్యాలయములు వచ్చినవి. మిషను బడులు, ఆసుపత్రులు వచ్చినవి. 1960లో దగ్గరలోని న్సుక్కాలో విశ్వవిద్యాలయము పెట్టి ఎనుగులో కూడ దాని శాఖను తెరిచినారు. 1991లో ఎనుగు రాష్ట్రమునకు రాజధాని అయినది. యుద్ధము ముగిసిన ఏడే 'రేంజర్స్' అను ఫుట్‌బాల్ జట్టు కట్టుకొన్నారు. ఓడిన ప్రజలు తల ఎత్తుకొన్నది ఆ జట్టు ఆటలోనని వారు చెప్పుకొందురు. మన సంఘములలో యౌవనస్థులు పాడుచున్న 'వే మేకర్' పాట వ్రాసిన సినాచ్ సహోదరి ఎనుగుకు పొరుగున ఉన్న ఎబోన్యి రాష్ట్రపు బిడ్డ.

ఇక మన సంగతి. 1980లో రామగుండములో బొగ్గు నుండి ఎరువు తయారు చేయు కర్మాగారము వచ్చినది, 1999లో మూతబడినది. ఆ క్వార్టర్లు ఖాళీ అయి పిచ్చి చెట్లు మొలిచిన దృశ్యము మనకు గుర్తే. 2021లో అదే చోట క్రొత్త ఫ్యాక్టరీ యూరియా తీయుట మొదలుపెట్టినది. కాని బొగ్గుతో కాదు, గొట్టములో వచ్చు గ్యాసుతో. 1971 నాటి రామగుండము 'బి' థర్మల్ 2024లో ఆగిపోయినది. సింగరేణి 2023-24లో 7 కోట్ల టన్నుల బొగ్గు తీసినది. ఎనుగు తన మంచి రోజులలో తీసినదానికి డెబ్బది రెట్లకు మించి! అయినను 1990ల ఆరంభములో లక్షకు పైగా ఉన్న ఉద్యోగులు ఇప్పుడు నలుబది వేల దరిదాపునకు వచ్చినారు. ఓపెన్ కాస్టులో యంత్రము తవ్వును, డంపరు మోయును. అక్కడ బొగ్గు ఆగి మనుష్యులు ఆగినారు. మన వద్ద బొగ్గు పెరుగుచునే మనుష్యులు తగ్గుచున్నారు. ఇది మాకు ఎక్కువ భయము కలిగించుచున్నది, ఎందుకనగా టన్నుల లెక్క చూచి ఊరు బాగున్నదని మనము అనుకొనవచ్చును.

మేము ఈ సంగతులన్నియు కూడగట్టుకొని మరల ఆ పెద్దాయన ఇంటికి వెళ్ళితిమి. ఆయన ఓపికగా విన్నారు. ఇవా లోయ సంగతి చెప్పినప్పుడు తువ్వాలుతో ముఖము తుడుచుకొన్నారు. ఎనుగులో మొదటి గనులలో ఒకదాని పేరు ఒగ్బెటె. ఇప్పుడు ఆ పేరు ఊరి పెద్ద బజారుకున్నది. గని కార్మికులు ఉండిన 'కోల్ క్యాంప్' ఇప్పుడు మోటారు సామాన్ల దుకాణములు, మెకానిక్ షెడ్లు ఉన్న పేట. "మన ఎయిట్ ఇంక్లైన్ కాలనీ లెక్క. పేరు మీదనే ఉంటది" అన్నారాయన.

కొంతసేపటికి ఆయనే, "మా వోడు అన్‌ఫిట్ అయితే మనుమని బాయిల పెట్టిద్దమనుకున్నం అయ్యగారూ. ఇంట్ల అదే ముచ్చట. వాడేమో పాలిటెక్నిక్ అంటుండు" అన్నారు. లోపలి గదిలో నుండి కోడలు, "మామయ్యా, పాలీసెట్ ఫారమ్ తెచ్చిండు, ఇంకా నింపలే" అన్నది. ఆయన ఆ కాగితమును తెప్పించి, కళ్ళద్దములు లేక మా చేతికిచ్చి, ఆఖరు తేదీ ఎప్పుడో చదివి చెప్పమన్నారు. ఇంకా ఆరు దినములున్నవి.